వాట్లు కాదు, బాకా చూడండి
హార్న్ స్పీకరంటే మనవాళ్లకు గుడి మైకు గుర్తొస్తుంది. అందుకే ఇంటికి పనికిరాదన్న తీర్పు వినకుండానే ఇచ్చేస్తారు. లెక్క మాత్రం వేరే చెబుతుంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పదింతలు. అంటే 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత శబ్దం వస్తుందన్న కొలత) ఉన్న మామూలు స్పీకర్ 100 వాట్లు తాగి చేసే పనిని, 97 ఉన్న హార్న్ స్పీకర్ 10 వాట్లతో చేసేస్తుంది. కంపెనీలు చెప్పే సెన్సిటివిటీ అంకెల్లోంచి రెండు మూడు డెసిబెల్స్ కోసేసినా (కోయాల్సిందే) లాభం మిగులుతుంది. అందుకే ధరను స్పీకర్‌కూ ఆంప్లిఫయర్‌కూ కలిపి లెక్కేయాలి. గొంతు ముక్కుతో పాడినట్టు వినిపిస్తుందన్న ఫిర్యాదు అబద్ధం కాదు. అయితే అది బాకా ఆకారమో, బేస్‌నూ ట్రెబుల్‌నూ విడదీసి పంచే క్రాసోవర్ సర్క్యూటో సరిగా కుదరనప్పుడు వచ్చే దోషం, హార్న్ సూత్రానిది కాదు. అసలు ఇబ్బంది సైజు. లోతైన బేస్‌కు బాకా చాలా పెద్దది కావాలి. అమెరికాలో 1946లో కంపెనీ పెట్టిన పాల్ క్లిప్ష్ తన క్లిప్ష్‌హార్న్ స్పీకర్ కోసం గది మూలనే బాకాలో భాగం చేసుకున్నాడు. అంత చోటు లేనివాళ్లకు అదే కంపెనీ 1957లో తెచ్చిన హెరెసీ స్పీకర్ దారి మేలు: మిడ్, ట్రెబుల్ హార్న్‌కు, బేస్ మామూలు వూఫర్‌కు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే క్రాసోవర్‌లోని పాత కెపాసిటర్లు మార్చే ఖర్చూ కలుపుకోండి; మామూలు గదికి 20 వాట్ల మంచి ఆంప్లిఫయర్ చాలు, మిగిలిన డబ్బు స్పీకర్ మీదే పెట్టండి.