గురి కన్నా ముందు ఓపిక

"అమ్మో, ఆడపిల్ల చేతికి పిస్తోలా? ఇంకేం మిగిలింది మనింట్లో!"

మా పక్కింటి అత్తయ్యగారి కేక ప్రహరీగోడ దాటి నా వంటింట్లోకి వినిపించింది. సంగతేమిటంటే, పదో తరగతి పాసైన మనవరాలిని ఏం కావాలో కోరుకోమన్నారట. ఆ పిల్ల పట్టులంగా అడగలేదు, ఫోను అడగలేదు. షూటింగ్ నేర్పించమంది! తండ్రి సరేనన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది. మధ్యలో నలిగిపోయిన తల్లి సాయంత్రం మా ఇంటికొచ్చి, "వదినా, పేపర్లో అందరికీ సలహాలు రాస్తుంటారుగా, నాకూ ఒకటి చెప్పండి" అంది.

నిజం చెప్పొద్దూ, నాకూ గుండె ఝల్లుమంది. మనలో చాలామందికి పిస్తోలంటే సినిమాల్లో విలన్ చేతిలో చూసిందే, నేరవార్తల్లో చదివిందే. తెలియని విషయంలో సలహా ఎందుకని, తల్లీకూతుళ్లతో కలిసి నేనూ ఒక రేంజ్‌కి వెళ్లాను.

ఢాం ఢాం మోతలు వినిపిస్తాయనుకున్నాను. తీరా చూస్తే పరీక్ష హాలంత నిశ్శబ్దం! ఎయిర్ పిస్టల్‌లో గాలి ఒత్తిడికి 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు పెల్లెట్ 'టప్' మని వెళుతుంది, అంతే. గురిబోర్డు 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడిమధ్య పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒక్క చేత్తోనే కాల్చాలి. రెండో చేతిని జేబులోనో నడుం దగ్గరో పెట్టుకుంటారు. పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. అన్నట్టు, 2017 దాకా ఆడవాళ్లకు 40, మగవాళ్లకు 60 ఉండేవి. 2018 నుంచి ఇద్దరికీ సమానం చేశారు. ఆలస్యంగానైనా ఒక లెక్క సరిపోయింది!

మా పాపకు మొదటిరోజు పిస్తోలు ఇవ్వనే లేదు. నిలబడటం, ఊపిరి నిలపడం, నియమాలు చెప్పడం... ఇంతే. ఖాళీగా ఉందని తెలిసినా నిండుగా ఉందనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ గురిబోర్డు వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఇవి నోటికి రావడమే కాదు, చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాత తెలిసే సంగతేమిటంటే, ట్రిగ్గర్‌ని గబుక్కున లాగితే గురి తప్పుతుంది. నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. కోపంగా ఉన్నవాళ్లకు, కంగారు పడేవాళ్లకు ఈ ఆట పనికిరాదు. ఆవేశం నేర్పుతుందేమోనని భయపడి వెళ్లిన నాకు, ఆవేశం ఉంటే ఇక్కడ నిలవలేరని అర్థమైంది.

తిరిగొచ్చి ఇదంతా చెబితే అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. మావయ్యగారికి ఒక పాత వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వరు ఉండేదట. లైసెన్సు ఉన్నదే. ఆయనకు అదంటే ప్రాణం. ప్రతి దసరాకీ శుభ్రంగా తుడిచి, నూనె రాసి పూజలో పెట్టేవారు. ఒక మీట నొక్కితే గొట్టం ముందుకు వాలి తూటాల గది తెరుచుకునే తీరు వచ్చిన వాళ్లందరికీ చూపించేవారు. "బర్మింగ్‌హామ్ పనితనం చూడండి, గడియారంలా ఎలా అతికిందో" అని మురిసిపోయేవారట.

"ఆయన పోయాక నా చీరల కింద దొరికింది అది. అందులో తూటాలున్నాయో లేవో ఎవరికీ తెలీదు. ముట్టుకోవాలంటే భయం. పోలీస్ స్టేషన్లో అప్పగించేదాకా మూడు రాత్రులు ఆ గదిలో నిద్రపోలేదు" అన్నారావిడ.

పాత తుపాకులను ప్రేమించేవాళ్లను నేను తప్పుపట్టను. చేతితో చెక్కిన పిడి, ఇన్నేళ్లయినా సడలని అతుకులు, ఒక కాలపు కథ... ఇవన్నీ మురిపించేవే. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు పిల్లలు కదలకుండా నిలబడిపోవడం చూడలేదూ? చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ పిస్తోలును అలహాబాద్ మ్యూజియంలో ఎంత భద్రంగా దాచుకున్నాం! కానీ అద్దం వెనకున్నది వేరు, చీరల కిందున్నది వేరు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న పరిమితిని రెండుకు తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాగా కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు. లైసెన్సు ఇంటికి కాదు, మనిషికి. తాత పేరున ఉన్నది మనవడు వాడుకుంటానంటే కుదరదు. మావయ్యగారికి రివాల్వరు మీదున్న ముచ్చటలో పదోవంతు, దాని సంగతులు భార్యకు చెప్పడంలో ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో మాట. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరును అమ్మకానికి పెట్టింది. బరువు అరకిలో, ధర లక్షా ఇరవై వేల పైమాటే. నగలపెట్టె లాంటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. నాకు మాత్రం ఇది రుచించదు. బస్సులో వేధించేవాణ్ణి రివాల్వరుతో ఎదుర్కొంటామా? వీధిదీపాలు వెలగాలి, పోలీసులు ఫిర్యాదు తీసుకోవాలి. ఆ బాధ్యతను మన హ్యాండ్‌బ్యాగులోకి నెట్టేస్తే ఎలా? భయంతో కొనుక్కునే తుపాకీ వేరు, ఇష్టంతో నేర్చుకునే ఆట వేరు. రెంటినీ కలిపి చూడటం వల్లే మన ఆడపిల్లల ముచ్చట్లు ఆగిపోతున్నాయి.

ఆగకపోతే ఏమవుతుందో చూశాం కదా. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో పిస్తోలు మొరాయించి వెనకబడిన మను భాకర్, 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. వీళ్లు కలవారి పిల్లలంటారా? అయితే ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రి గ్రామపు చంద్రో తోమర్ సంగతి చెప్పాలి. మనవరాలికి తోడుగా రేంజ్‌కి వెళ్లి, అరవై దాటాక పిస్తోలు పట్టిందావిడ. ఊళ్లో మగవాళ్లు నవ్వినా లెక్కచేయలేదు. 2021లో కన్నుమూసేదాకా ఎందరో ఆడపిల్లలకు ధైర్యం చెప్పింది.

అత్తయ్యగారు చివరికి ఒక్కటే అడిగారు. "ఆ పిస్తోలు ఇంటికి తెస్తారా?" తేరనీ, రేంజ్‌లోనే తాళం వేసి ఉంచుతారనీ చెప్పాను. "అయితే వెళ్లనీ. తల్లి మాత్రం పక్కనే ఉండాలి" అన్నారు.

మీ అమ్మాయి కూడా అడిగిందా? వెంటనే కాదనకండి. ముందు మీరు వెళ్లి చూడండి. పిస్తోళ్లు ఎక్కడ దాస్తారు, పిల్లల పక్కన ఎవరుంటారు, కళ్లకూ చెవులకూ రక్షణ ఇస్తారా అని నిలదీసి అడగండి. విసుక్కోకుండా జవాబిచ్చే చోటనే చేర్పించండి.

మీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఆయన్ని అడగండి: "తూటాలెక్కడ? తాళం ఎవరి దగ్గర? మీరు ఊళ్లో లేనప్పుడు నేనేం చెయ్యాలి?" అది మగవాళ్ల వ్యవహారమని ఊరుకోకండి. ఆ బీరువా ఉన్న గదిలో పడుకునేది మనమే.