పెద్దల పండుగను పాఠంలోంచి తీసేయమనడం తప్పు

అమెరికాలో మన తెలుగు పిల్లలు చాలామంది హైస్కూల్లో స్పానిష్ తీసుకుంటారు. అక్టోబరు ఆఖరుకు వాళ్ల క్లాసులో మెక్సికో వాళ్ల 'దియా దె ముయెర్తోస్' పాఠం వస్తుంది. చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ అది. ఇంట్లో అభ్యంతరాలూ అప్పుడే మొదలవుతాయి. అది మెక్సికో వాళ్ల హాలోవీన్ అని ఒకరంటారు. పబ్లిక్ స్కూల్లో మతం చెప్పడమేమిటని ఇంకొకరంటారు. వ్యాకరణం నేర్పాల్సిన గంటలో పుర్రెలకు రంగులేయిస్తున్నారని మరొకరు. కాబట్టి ఆ పాఠం తీసేయాలన్నది అందరి తీర్మానం. మొదటి రెండు మాటలూ నిలబడేవి కావు. మూడోదానిలో కొంత నిజం ఉన్నా, తీర్మానం మాత్రం తప్పు.

ముందు హాలోవీన్ సంగతి. రెండూ చర్చి క్యాలెండర్ చుట్టూ పెరిగినవే. నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2 మృతుల స్మరణ దినం, హాలోవీన్ వాటి ముందు రాత్రి. పోలిక అంతటితో సరి. చిన్నతనంలోనే పోయిన బిడ్డలు 1వ తేదీన, పెద్దలు 2న ఇంటికొస్తారని మెక్సికోలో చాలాచోట్ల నమ్ముతారు. వాళ్ల కోసం ఇంట్లో 'ఓఫ్రెండా' అమరుస్తారు. దాని మీద పోయినవాళ్ల ఫోటోలు, దాహానికి గ్లాసుడు నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, కోపల్ ధూపం, ఆ రోజుల్లోనే చేసే తియ్యటి రొట్టె, వాళ్లు ఇష్టపడి తిన్న వంటకాలు పెడతారు. దారి తెలియడానికి బంతిపూల రేకులు పరుస్తారు. పాత్స్‌క్వారో సరస్సులోని హానిత్సియో దీవిలో రాత్రంతా సమాధుల దగ్గర దీపాల మధ్య జాగారం ఉంటారు. కంపెచె రాష్ట్రంలోని పోముచ్ ఊళ్లో తమవాళ్ల ఎముకలను పెట్టెలోంచి తీసి, దుమ్ము తుడిచి, కొత్త గుడ్డ పరిచి మళ్లీ అందులో ఉంచుతారు. ఇందులో దెయ్యాలెక్కడ? భయపెట్టడమెక్కడ? యునెస్కో 2008లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది ఈ ఆచారాలనే.

పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చుకునే తెలంగాణ ఇళ్లకు, నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి పూలు, కొవ్వొత్తులు పెట్టే మన క్యాథలిక్ కుటుంబాలకు ఇది వింతగా తోచకూడదు. ఆ బంతిపువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోనే. యూరప్ వాళ్ల ఓడలు అమెరికా ఖండాలకు వెళ్లొచ్చాకే అది మన దేశానికి వచ్చి మన బతుకమ్మల్లోకి చేరింది.

ఇక మతం మాట. పబ్లిక్ స్కూళ్లు పిల్లల చేత బైబిల్ చదివించడం, ప్రార్థన చేయించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1963లో అబింగ్టన్ కేసులో తేల్చింది. మతాన్ని చదువులో భాగంగా, పక్షపాతం లేకుండా బోధించడానికి అడ్డు లేదని అదే తీర్పులో చెప్పింది. మొక్కమనడం వేరు, మొక్కేవాళ్ల గురించి తెలుసుకోమనడం వేరు. టీచరు మొక్కమంటే అడగండి, అడిగి తీరాలి. తెలుసుకోమన్నందుకు అడ్డుపడితే, రేపు మన దీపావళి గురించి ఏ క్లాసులోనైనా చెప్పమని కోరే హక్కు మనకు ఉండదు.

మూడోది వ్యాకరణం. స్పానిష్ నేర్చుకునేవాళ్లను బాగా తికమకపెట్టేవాటిలో భూతకాలం ఒకటి. జరిగి ముగిసిన పనికి ఒక రూపం, అలవాటుగా సాగిన పనికి మరో రూపం. మనం 'పాడాడు', 'పాడేవాడు' అన్నట్టే. పోయిన మనిషి గురించి పది వాక్యాలు రాయమంటే ఈ రెండూ రాక తప్పదు. ఎప్పుడు పుట్టాడు, ఏ ఊరు వదిలి వచ్చాడు, ఎప్పుడు పోయాడు అన్నవాటికి ఒకటి. ఏం తినేవాడు, ఎవరి మీద కోప్పడేవాడు, పొద్దుపోయాక ఏ కథలు చెప్పేవాడు అన్నవాటికి రెండోది. ఖాళీలు పూరించే అభ్యాసాలు ఎన్ని చేయించినా ఇంత బాగా పట్టుబడదు.

అయితే పుర్రె బొమ్మకు రంగులేయించి గంట కొట్టేసే క్లాసులూ ఉన్నాయి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. టోపీ పెట్టుకున్న 'కత్రీనా' అనే పుర్రె బొమ్మ అనాదిగా వస్తున్నదని పిల్లలకు చెబుతుంటారు. దాన్ని చెక్కినవాడు 1913లో పోయిన హోసే గ్వాదలూపె పోసాదా. దొరల వేషానికి ఎగబడి సొంత మూలాలను దాచుకునే వాళ్లను ఎత్తిపొడవడానికి చేసిన బొమ్మ అది. నిలువెత్తు రూపం, గౌను ఇచ్చింది 1947 నాటి కుడ్యచిత్రంలో దియేగో రివేరా. మెక్సికో నగరంలో ఇప్పుడు చూసే భారీ ఊరేగింపు 2016లో మొదలైంది, అంతకు ముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా చూపించాక. ఆజ్టెక్‌ల పండుగ చెక్కుచెదరకుండా మిగిలిందనడమూ సరికాదు. మృతులకు నైవేద్యం పెట్టడం స్పెయిన్ వాళ్లు రాకముందే అక్కడ ఉంది. తేదీలు మాత్రం చర్చివి. రొట్టెకు గోధుమ, పుర్రె మిఠాయికి పంచదార స్పెయిన్ వాళ్లతో వచ్చినవి. ఏది ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

పైగా స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటికీ ఒకటే ఆచారం లేదు. గ్వాటెమాలాలోని సుంపాంగోలో నవంబరు 1న పెద్దపెద్ద కాగితపు గాలిపటాలు నిలబెడతారు. ఈక్వడార్‌లో కొలాదా మొరాదా అనే ఊదారంగు చిక్కటి పానీయం కాస్తారు, పసిపిల్లల ఆకారంలో రొట్టెలు చేస్తారు. స్పెయిన్‌లో చామంతులు తీసుకుని సమాధుల దగ్గరికి వెళతారు. ఇవేవీ చెప్పని పాఠం అరకొర పాఠం. అరకొర పాఠానికి మందు దాన్ని పూర్తి చేయడం.

పండుగ పేరుమీద ట్రేడ్‌మార్క్ కోసం 2013లో డిస్నీ దరఖాస్తు పెడితే, ఎన్నో వేలమంది నిరసించి దాన్ని వెనక్కి తీయించారు. ఆ పండుగ వాళ్లకు అంతటిది. మన పిల్లల పక్క బెంచీలో మెక్సికోలోని మిచోవకాన్ నుంచి వచ్చిన కుటుంబం బిడ్డ కూర్చుని ఉండవచ్చు. ఆ బిడ్డ నాయనమ్మ కోసం పేర్చిన ఓఫ్రెండాను దెయ్యాల బొమ్మల కొలువు అనడం అవమానం. మన పెద్దలకు మనం కోరే గౌరవం వాళ్ల పెద్దలకూ దక్కాలి. టీచరుకు ఉత్తరం రాయదలిచిన తల్లిదండ్రులు తప్పకుండా రాయండి. పాఠం ఆపమని రాయకండి. ఇంకో రెండు గంటలు కేటాయించమని, ఊళ్ల పేర్లతో, చరిత్రతో, అన్ని దేశాల ఆచారాలతో పూర్తిగా చెప్పమని రాయండి.