రాణిపేట నేలకు తేయాకు ఇనుము

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు,

తమిళనాడు రాణిపేటలో 1990లలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని వదిలేసింది. అందులోని హెక్సావాలెంట్ క్రోమియం భూగర్భ జలంలోకి దిగింది. నానో ఇనుము దాన్ని అంత విషం కాని, నీళ్లలో అంతగా కరగని ట్రైవాలెంట్ రూపంలోకి మారుస్తుంది. ఆ ఇనుప నానో రేణువుల తయారీకి మామూలుగా వాడే సోడియం బోరోహైడ్రైడ్ ఖరీదైనది, విషపూరితం కూడా. తేయాకు, నీలగిరి ఆకుల కషాయంలోని పాలీఫినాల్స్‌తోనూ ఆ పని జరుగుతుంది. టీ పిప్పికి మన దేశంలో కరువా!

ప్రయోగశాలల్లో ఇది పాత ముచ్చటే. రాణిపేటలో ఒక్క బావి చుట్టూనైనా మీ పర్యవేక్షణలో పరీక్షించండి. రేణువులు ముద్దకట్టకుండా, తుప్పు పట్టకుండా ఎన్నాళ్లు పనిచేస్తాయో, కషాయం నీటిని పాడుచేస్తుందేమో కొలిపించండి. ఫలితం చేదుగా ఉన్నా ప్రకటించండి. వ్యర్థాల గుట్టను తరలించకపోవడానికి మాత్రం దీన్ని సాకు చేయకండి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు