‘జై’ అంటే పలకని కుర్రాడు

2017లో వచ్చిన ‘జై లవ కుశ’ గుర్తుందిగా? జూనియర్ ఎన్టీఆర్ మూడు పాత్రల్లో విజృంభించిన చిత్రం! అందులో పెద్దవాడు జైకి నత్తి. నాటకంలో వేషం దక్కదు, తోడబుట్టినవాళ్లే ఎగతాళి చేస్తారు, ఆ అవమానం ముదిరి ముదిరి రావణుడై కూచుంటాడు. చూసినవాళ్లకి జై మీద జాలి కలగాలనే దర్శకుడు బాబీ ఆ పాత్రను తీర్చాడు.

మా చిలమత్తూరు హిందూపురం నియోజకవర్గంలోది. 1985 నుంచి వరసగా మూడుసార్లు ఎన్.టి.రామారావుని, 2014 నుంచి మూడుసార్లు బాలకృష్ణని అసెంబ్లీకి పంపిన గడ్డ. ఇక్కడ నందమూరి వారి సినిమా అంటే వేరే చెప్పాలా? టీవీలో ఎన్నిసార్లు వేసినా కూచుని చూస్తారు. అయితే ఓ పదో తరగతి గదిలో ఆ సినిమా మొత్తానికి మిగిలింది నత్తి ఒక్కటే. జై అలా ఎందుకయ్యాడో ఎవరికీ పట్టలేదు! ఆ గదిలో మాట తడబడే కుర్రాడొకడున్నాడు. వాడికి ‘జై’ అని పేరు తగిలించారు.

హాజరు పిలిచే వేళకి అసలు తమాషా. వాడు నోరు తెరిచేలోగా వెనక బెంచీలన్నీ నత్తిగా ‘ప్రెజెంట్ సార్’ అనేస్తాయి. పంతులుగారు కూడా మూతి బిగించి నవ్వాపుకుంటారట. పుస్తకాల మీద సిరా పోయడం, వాడి గొంతు సెల్‌ఫోన్లో రికార్డు చేసి నలుగురికీ పంచడం... అవన్నీ తర్వాత వచ్చినవి.

దసరా సెలవుల్లో వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది.

“బడికి పొయ్యేకే ఒప్పుకోడన్నా. గట్టిగా అంటే కడుపునొప్పి అంటాడు. ఇప్పుడు బడి మార్చేది మేలా, పరీక్షలు అయ్యేదాకా ఓర్చుకోమనేది మేలా?”

ఊళ్లో పెద్దలు చెప్పేది రెండోదే. ‘ఇంకో ఆర్నెల్లు, పది గట్టెక్కితే అంతా సర్దుకుంటుంది’ అని. చెప్పడానికేం, ఆ బెంచీ మీద కూచునేది వాళ్లు కాదుగా! తెల్లారితే కడుపునొప్పి వచ్చే పిల్లాడు ఆ ఆర్నెల్లలో చదివేదెంత?

కుర్రాడి నాన్న బెంగళూరులో పని చేస్తాడు. ఆయన ఫోనులో ఇచ్చిన సలహా వేరు: బాగేపల్లిలో మేనత్త ఉంది, అక్కడ చేర్పించండి అని. బాగేపల్లి మాకు దగ్గరే, అక్కడా ఇంటింటా తెలుగే. కానీ సరిహద్దు దాటితే పరీక్ష మారిపోతుంది సామీ! ఇక్కడ ఆరు సబ్జెక్టులకి 600 మార్కులు, అక్కడ ఎస్‌ఎస్‌ఎల్‌సీకి 625. పుస్తకాలు వేరు, పైగా కన్నడం. అయిదు నెలల్లో అన్నీ కొత్తగా మొదలెట్టాలి. గురుకులం మాటా వచ్చింది. అక్కడ చేరేది ముఖ్యంగా అయిదో తరగతిలో, అదీ ప్రవేశ పరీక్ష రాసి. పదిలో, సగం ఏడాదిలో తలుపు తెరవరు.

నా ఓటు బడి మార్చడానికే. అదీ ఇదే రాష్ట్రంలో, ఇవే పుస్తకాలున్న బడికి, ఇప్పుడే. పబ్లిక్ పరీక్షకి పిల్లల పేర్లు పంపేది బడి నుంచే. ఆ జాబితా వెళ్లిపోయాక మారాలంటే కాగితాల చుట్టూ తిరగడానికే చలికాలం చాలదు.

అయితే చెల్లెమ్మతో ఇంకోటీ చెప్పాను. టీసీ అడిగే రోజునే జరిగిందంతా తేదీలతో రాసి హెడ్మాస్టరు చేతికివ్వమన్నాను. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. అది కాలేజీలకేనని చాలామంది అనుకుంటారు. చదువు చెప్పే ఏ సంస్థకైనా వర్తిస్తుంది. తోటి విద్యార్థిని ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు అందినా కదలని సంస్థ పెద్దని కూడా నేరానికి తోడ్పడ్డవాడిగానే లెక్కేస్తుంది. పదిహేనేళ్ల పిల్లల్ని స్టేషనుకి ఈడ్వమని నేననను. కానీ కాగితం చేతిలో పడితే, నవ్వాపుకునే పంతుళ్లకి నవ్వు ఆగిపోతుంది!

“మావాడు పోయినాక ఇంక కాగితం యాలన్నా?” అంది.

2016లో ‘ఎ సైలెంట్ వాయిస్’ అని ఓ జపాన్ బొమ్మల చిత్రం వచ్చింది. చెవులు వినపడని ఓ పిల్లని తరగతి వేధిస్తుంది. ఆ పిల్ల బడి మారి వెళ్లిపోతుంది. ఆ తర్వాత తరగతి చల్లబడుతుందనుకుంటున్నారా? వేధించినవాణ్ణే పట్టుకుని వెలివేస్తుంది! మావాడు ఖాళీ చేసిన బెంచీలోకి ఎవరో ఒకరు రాకపోరు. కాగితం వాళ్లకోసం.

ఇంతా మాట్లాడాం, కుర్రాణ్ణి అడిగినవాళ్లు లేరు! గుమ్మం పక్కన నిలబడి అంతా వింటున్నాడు. పిలిచి కూచోబెట్టాను. హృతిక్ రోషన్‌కి చిన్నప్పుడు నత్తి అని, నోటిపరీక్ష రోజున బడి ఎగ్గొట్టేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. “బడి మారతావా?” అన్నాను. తల ఊపాడు. ఇంకేదో అడగబోయాడు. మేమిద్దరం అందివ్వకుండా ఆగాం. చాలాసేపు పట్టింది.

కొత్త బళ్లో హాజరు పిలిచేటప్పుడు చెయ్యెత్తితే సరిపోతుందా అని వాడి ప్రశ్న.

ఆ బడి హెడ్మాస్టరుకి అప్పుడే ఫోను చేశాను. “దానికేమప్పా, ఎత్తమను” అన్నాడు. సెలవులయ్యాక మొదటి సోమవారం టీసీకి వెళ్తున్నారు.