ఓటీపీ ఎవరి ఫోనుకి?

ఈమధ్య ఒక రథసప్తమి ముందు రోజు రాత్రి సంగతి. ఆ రాత్రి మా అరసవల్లిలో ఎవరికీ నిద్ర ఉండదు. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో వీధులన్నీ నిండిపోతాయి. ఆ సందడిలో పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టడానికి ఆ రాత్రే ఆఖరట.

"ఓటీపీ నాన్న ఫోనుకెళ్లిపోతంది పిన్నీ. నాన్నేమో ఎత్తట్లేదు. ఏటి చేసీది?"

వాళ్ల నాన్న చెన్నైలో తాపీ పని చేస్తాడు. అలిసిపోయి పడుకుని ఉంటాడు. ఆ పిల్ల కాలేజీలో చేరేనాటికి ఇంటికంతటికీ ఒకటే ఫోను. దరఖాస్తులో ఆ నంబరే రాశారు. తర్వాత ఫోను ఆయనతోపాటే చెన్నై వెళ్లిపోయింది. తెల్లవారి ఆయన ఫోను ఎత్తేసరికి గడువు దాటిపోయింది. వాళ్లమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని అపరాధ రుసుం కట్టింది.

ముందే కట్టుకోవచ్చు కదా అని మీరు అనొచ్చు. నేనూ మొదట అదే అన్నాను. కానీ ముందు రోజు కడితే మాత్రం ఓటీపీ ఎవరి ఫోనుకి వెళ్లేది?

మన జిల్లాలో పై చదువులు పెరిగిన తీరు ఒకసారి గుర్తు చేసుకుందాం. 1977లో ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ కేంద్రం వచ్చింది. 2008లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. విశాఖ వెళ్లి హాస్టల్లో ఉండక్కర్లేదు, బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు అన్నాక చాలామంది తల్లిదండ్రులు ఆడపిల్లల్ని పీజీకి పంపారు. చదువు అలా ఇంటికి దగ్గరైంది. ఇప్పుడు ఇంకా దగ్గరగా, ఫోనులోకే వచ్చేసింది. 2020లో రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి. ఫీజులు, హాల్ టికెట్లు, ఫలితాలు అన్నీ వెబ్‌సైట్లకే చేరాయి.

పాఠాలూ అంతే. కేంద్ర ప్రభుత్వం 2017లో 'స్వయం' మొదలుపెట్టింది. అందులో ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే పాఠాన్ని మన ఊళ్లో కూర్చుని ఉచితంగా వినొచ్చు. పరీక్షకు మాత్రం రుసుం కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి. అలా చదివినవాటిని డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ 2016లో ఇరవై శాతం వరకు అనుమతించింది. 2021లో దాన్ని నలభై శాతం చేసింది. చిన్న ఊరి పిల్లకి ఇది పెద్ద వరమే, కాదనను.

కాకపోతే ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది. ప్రతి విద్యార్థికీ సొంత ఫోను, సొంత నంబరు ఉంటాయని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే, మన రాష్ట్రంలో అవునన్న ఆడవాళ్లు వందకు 21 మంది. మగవాళ్లు దాదాపు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో రెండో ఫోను కొంటే అది ముందు ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలియంది కాదు.

1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పెళ్లయి చదువాగిపోయిన ఆడవాళ్లు ఎందరో డిగ్రీ కట్టారు. వాళ్ల చేతికి అచ్చు పుస్తకం వచ్చేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇంత చదువుకోవచ్చు. ఆ పుస్తకాన్ని తమ్ముడు క్రికెట్ చూడటానికి లాక్కుపోడు.

పాతకాలపు కౌంటర్లో గుమాస్తా విసుక్కునేవాడు, రేపు రమ్మని తిప్పేవాడు. అయినా ఎదురుగా పిల్ల ఏడుస్తూ నిలబడితే ఒక్కోసారి కనికరించేవాడు. వెబ్‌సైట్‌కి రాత్రి పన్నెండు దాటితే ఇక ఎవరూ కనపడరు.

తప్పు కంప్యూటర్‌ది కాదు. ఓటీపీ రెండో నంబరుకో, ఈమెయిల్‌కో కూడా వెళ్లేలా పెట్టడం అసాధ్యమేం కాదు. గడువు రోజుల్లో ఫోను ఎత్తే మనిషిని ఒకరిని కూర్చోబెట్టొచ్చు. సూచనలు తెలుగులో ఉంచొచ్చు. ఇవేవీ యంత్రం తేల్చేవి కావు, కమిటీలో కూర్చున్నవాళ్లు తేల్చాల్సినవి. తండ్రి వలస పోయిన ఇంట్లో ఆడపిల్ల ఎలా చదువుతోందో తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కరైనా ఉన్నారా అని నా అనుమానం.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 'స్వయం' కోర్సులకు కావలసిన కంప్యూటర్, లైబ్రరీ సదుపాయాల్ని కాలేజీయే ఉచితంగా, తగినంతగా ఇవ్వాలని 2016 యూజీసీ నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే ల్యాబ్ తలుపు తీయమని అడిగితే అది దయాదాక్షిణ్యం కాదు. మీ అమ్మాయి కాలేజీలో ల్యాబ్ ఎన్నింటికి మూస్తారో, క్లాసులయ్యాక కూర్చోనిస్తారో లేదో ఓసారి కనుక్కోండి.

పక్కింటి అమ్మాయి విషయానికొస్తే, వాళ్లమ్మ ఆమె పేరు మీదే సిమ్ తీయించింది. కాలేజీ రికార్డులో నంబరు మార్పించుకుందామని ఇద్దరూ వెళ్లారు. మార్చడానికి ముందు పాత నంబరుకి ఓటీపీ వస్తుందని చెప్పారట. చెన్నైలో ఆయనకి మధ్యాహ్నం భోజనాల వేళ ఎప్పుడో కనుక్కుని, రేపు మళ్లీ వెళ్తున్నారు.