ఒక యంత్రము – రెండు లిపులు

నంద్యాల, ఆళ్ళగడ్డ వీథులలో తెలుగు, ఉర్దూ రెండును వినవచ్చును. 2022లో మన రాష్ట్రము ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టముచే గుర్తించినది. అయినను ఉర్దూను ఆంగ్లాక్షరములలో టైపు చేయు విద్యార్థులు మనలో పెక్కురు కలరు. ఇది యంత్రము లోపము కాదు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో రెండు భాషల కీబోర్డు అమరికలను ఒక్కసారి చేర్చిన చాలును. పిమ్మట నిర్ణీతమైన రెండు మీటలు కలిపి నొక్కినంతనే భాష మారును. తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి సాగును. తెరపై ఉర్దూ తన సహజమైన సొగసుతో కనిపించుటకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటును చేర్చవలెను, అది ఉచితమే.

కావున కళాశాల ల్యాప్‌టాప్‌లన్నిటను ఈ ఏర్పాటు చేయించి, విద్యాసంవత్సరారంభముననే ఇరుభాషల విద్యార్థులకును నేర్పింపవలెనని కమిటీవారిని కోరుచున్నాము. మాతృభాషను దాని లిపిలో వ్రాయనేర్పని చదువు సగము చదువే యని మా అభిప్రాయము.