ఐసీయూలో ఏ క్రిమి ఉందో గోడ మీద రాయాలి!

మా కాలనీ పెద్దాయన తొడ ఎముక విరిగి ఆసుపత్రిలో చేరాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఐసీయూలో ఉండగానే జ్వరం పట్టుకుంది. పోట్లాడి తీసుకున్న కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల ఎదుట దాదాపు అంతటా 'ఆర్' అన్న అక్షరమే. అంటే ఆ మందు పనిచేయదని. కోలిస్టిన్ అనే మందు ఒక్కటి మిగిలింది, దాన్ని కిడ్నీలు తట్టుకోలేదు. మరణపత్రంలో మాత్రం గుండె ఆగిపోయిందని రాశారు! గుండె చివరికి ఎవరికైనా ఆగుతుంది. ఆపిందేమిటి? రిపోర్టులో ఉన్న క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు.

ఈ దాపరికం ఆసుపత్రుల దగ్గర మొదలు కాలేదు. 2008లో ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన రోగిలో, శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లను కూడా పనిచేయనివ్వని ఎన్‌డీఎమ్-1 అనే జన్యువు బయటపడింది. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాలోకి దూకే జన్యువు అది. రోగి పేగుల్లో కూర్చుని విమానమెక్కుతుంది. 2010లో అదే జన్యువున్న బ్యాక్టీరియా చెన్నైలో 44 నమూనాల్లో, హర్యానాలో 26 నమూనాల్లో, బ్రిటన్‌లో 37 నమూనాల్లో దొరికినట్టు లాన్సెట్ వారి వైద్య పత్రిక ప్రచురించింది. మన ప్రభుత్వం ఏం చేసింది? ఎన్‌డీఎమ్‌లో న్యూఢిల్లీ పేరెందుకు పెట్టారని గొడవపడింది! కొందరు ఎంపీలు మెడికల్ టూరిజం మీద కుట్ర అన్నారు. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కుళాయి నీళ్ల నమూనాలు చూస్తే రెండింటిలో అదే జన్యువు. అప్పుడూ కొట్టిపారేశారు. 2016లో అమెరికాలోని నెవాడాలో ఒకామె చనిపోయింది. అక్కడున్న 26 యాంటీబయాటిక్‌లలో ఒక్కటీ పనిచేయలేదు. అంతకుముందు ఆమె తొడ ఎముక విరిగి భారతదేశంలో ఆసుపత్రుల పాలైంది.

ఇలాంటి క్రిములను మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలూ పెంచుతాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఆ జలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లోనే తేలింది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని 2020లో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2021 తుది నిబంధనల్లో ఆ పరిమితులు మాయం. ఎవరి కోసం తీసేశారు?

జనమే మందుల షాపుల్లో మాత్రలు కొని మింగుతున్నారంటారు. వెంటిలేటర్ మీదున్న మనిషి ఏ షాపుకు వెళ్లాడు? లెక్కలు బయటపెడితే రోగులు భయపడతారంటారు. భయపడనివ్వండి, ప్రాణాలతో ఉంటారు.

ప్రతి ఐసీయూలో నెలనెలా ఎంతమందికి ఆసుపత్రిలోనే ఇన్ఫెక్షన్ సోకిందో, ఏ మందులు పనిచేయడం లేదో తెలుగులో గుమ్మం దగ్గర రాసి పెట్టాలి. కల్చర్ రిపోర్టు అడగకుండానే చేతికివ్వాలి. మరణపత్రంలో ఇన్ఫెక్షన్ పేరు రాయాలి. ఇవి చేయని ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదు. వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఈ అర్జీ ఇస్తున్నాం. మీ ఇంట్లో ఎవరినైనా ఇలా పోగొట్టుకుని ఉంటే కల్చర్ రిపోర్టు జిరాక్స్ తీసుకుని రండి.